మార్కుల కాగితం, భరోసా కాగితం

గోదావరిఖనిలో భూగర్భ గని పనికి కొత్తగా వచ్చిన మనిషికి ముందుగా బుర్రకెక్కించే పాఠం ఒకటుంది: సపోర్టు లేని బండ కింద నిలబడొద్దు. ఆ బండను రకరకాలుగా పరీక్షిస్తారు. మైనింగ్ సర్దార్ కర్రతో తట్టి చెవి ఒగ్గుతాడు. గట్టి బండ ఒక తీరున పలుకుతుంది, లోపల పొర విడిపోయిన బండ బోలుగా మోగుతుంది. ఇంజనీర్లు దానికి మార్కులు కూడా వేస్తారు. పొరల మందం, పగుళ్లు, తడికి మెత్తబడే గుణం, రాతి బలం, ఊట నీళ్లు అనే ఐదు అంశాలను కలిపి నూటికి ఇన్ని అని తేల్చే రాక్ మాస్ రేటింగ్ పద్ధతిని మన దేశపు బొగ్గు గనుల కోసమే 1980లలో తయారు చేశారు. ఆ మార్కులతో తేల్చేది ఎన్ని రూఫ్ బోల్టులు వేయాలి, ఎంతెంత దూరంలో వేయాలి, దుంగలు ఎక్కడ నిలపాలి అన్నదే. మార్కులు బాగా వచ్చాయి గనుక ఇక్కడ సపోర్టు అక్కర్లేదని ఏ మేనేజరూ రాయడు. రాస్తే చట్టం ఊరుకోదు.

అదే ఊళ్లో, బతుకు మీద ఆశ తెగిపోయిన మనిషిని ఇంటివాళ్లు అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకొచ్చినప్పుడు ఏం చేయాలన్నది ఈ వ్యాసం విషయం. ప్రపంచ వైద్యం ఈ పనికి రెండు రకాల కాగితాలు తయారు చేసింది. ఒకటి మనిషికి మార్కులు వేస్తుంది. రెండోది మనిషితో కలిసి రేపటిదాకా బతికే దారి రాస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి, బొగ్గుబాయిల మధ్య బతికే జనం వైపు నుంచి చదవాలని నా ప్రయత్నం. గని నేర్పిన పాఠాన్ని మొదటి కాగితం మరిచిందని, రెండోది సగం పట్టుకుందని నా అభిప్రాయం.

మొదటి కాగితానికి మంచి నమూనా 1983లో అమెరికాలో పాటర్సన్, ఆయన సహచరులు ప్రచురించిన 'సాడ్ పర్సన్స్' స్కేలు. మానసిక వైద్యులు కానివాళ్లు, ముఖ్యంగా వైద్య విద్యార్థులు గుర్తుపెట్టుకోవడానికి సులువుగా ఉంటుందని పది అంశాల మొదటి అక్షరాలతో ఆ పేరు కూర్చారు. మగవాడైతే ఒక మార్కు. వయసు 19 లోపో, 45 పైనో అయితే ఒకటి. దిగులు జబ్బుకు, గతంలో చేసిన ప్రయత్నానికి, తాగుడుకు, ఆలోచన గతి తప్పడానికి ఒక్కొక్కటి. అండ లేకపోయినా, చావు గురించి పథకం వేసుకున్నా, జీవిత భాగస్వామి లేకపోయినా, దీర్ఘరోగం ఉన్నా ఒక్కొక్కటి. రెండు మార్కుల్లోపు వస్తే ఇంటికి పంపి మళ్లీ రమ్మనాలి. ఐదారు వస్తే ఆసుపత్రిలో చేర్చుకునే ఆలోచన గట్టిగా చేయాలి. ఏడు, ఆ పైన వస్తే చేర్చుకోవాలి.

దీని మేలు ముందు చెప్పడం న్యాయం. రాత్రి రెండు గంటలకు, మానసిక వైద్యుడు అందుబాటులో లేని క్యాజువాలిటీలో, ఒక్క డ్యూటీ డాక్టరు ముందు పది మంది రోగులు మూలుగుతున్నప్పుడు, అడగాల్సిన ప్రశ్నలు ఇవీ అని ఒక కాగితం గుర్తు చేయడం చిన్న సాయం కాదు. ఇంతకుముందు ఎప్పుడైనా ప్రయత్నించాడా, ఇప్పుడు మనసులో పథకం ఉందా అన్న రెండు ప్రశ్నలు ఏ కాలంలోనైనా, ఏ ఊళ్లోనైనా అడగదగ్గవే. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనవాళ్లు భయపడతారు. ఆ భయానికి ఆధారం లేదని పరిశోధనలు మళ్లీ మళ్లీ చెప్పాయి. సూటిగా అడిగితే, ఇన్నాళ్లూ దాచుకున్న బరువు దించుకునే చోటు దొరికిందని చాలామంది ఊపిరి పీల్చుకుంటారు.

చిక్కు మార్కులు కూడిన తర్వాత మొదలవుతుంది. నలభై ఎనిమిదేళ్ల జనరల్ మజ్దూర్‌ను ఒకణ్ని ఊహించుకోండి. మగవాడు, ఒక మార్కు. నలభై ఐదు దాటాడు, రెండు. రెండో షిఫ్ట్ దిగాక మందు అలవాటు, మూడు. ఏళ్ల తరబడి కదలనివ్వని నడుం నొప్పి, నాలుగు. పిల్లల చదువుల కోసం భార్య కరీంనగర్‌లో కాపురం పెట్టింది, బదిలీ మీద వచ్చిన తను యైటింక్లయిన్ కాలనీ క్వార్టర్లో ఒంటరి, అండ లేదు కాబట్టి ఐదు. ఇంకా ఒక్క మాటైనా అతని మనసు గురించి అడగలేదు, అప్పుడే ఆసుపత్రిలో చేర్చే ఆలోచన చేయమంటోంది కాగితం. ఇలాంటివాళ్లు ఏ గని మస్టర్ దగ్గర నిలబడినా కనిపిస్తారు. వాళ్లలో ఎక్కువమందికి చావు ఊహే ఉండదు. ఆదివారం మటన్ తెచ్చుకుని, కూతురి పెళ్లి లెక్కలు వేసుకుంటూ, రిటైర్‌మెంట్ రోజు కోసం చూస్తూ బతుకుతారు.

ఇప్పుడు ఇరవై నాలుగేళ్ల ఇల్లాలు. ఆడమనిషి, సున్నా. వయసు మధ్యలో ఉంది, సున్నా. తాగదు. జబ్బు లేదు. భర్త ఉన్నాడు, పర్మనెంట్ కొలువు. అత్తామామలు అదే ఇంట్లో, ఆడబిడ్డ పక్క వీధిలో. మనుషులకు కొదవ లేదు. మొహం వాడి ఉందని డాక్టరు గమనిస్తే ఒక మార్కు, లేకపోతే అదీ లేదు. కాగితం ఆమెను ఇంటికి పంపమంటుంది. ఏ ఇంటికి? ఏ ఇల్లు ఆమెను ఇక్కడిదాకా తెచ్చిందో ఆ ఇంటికే.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022లో దేశం మొత్తం మీద 1,70,924 మంది ఆత్మహత్యతో పోయారు. అందులో స్త్రీలు 48,172 మంది. వాళ్లలో సగానికి పైగా గృహిణులు, 25 వేల మందికి పైనే. ప్రపంచంలో ఆత్మహత్యతో చనిపోయే స్త్రీలలో 36.6 శాతం భారతీయులేనని 2016 సంవత్సరపు లెక్కలతో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. పెళ్లి రక్షణ అని, భర్త ఉండటం ఒక కవచమని రాసుకున్న కాగితం మన ఆడపిల్లల ముందు గుడ్డిదైపోతుంది. ఆ కాగితం మన వాకిళ్లలోకి తొంగి చూడకుండా తయారైంది. తయారు చేసినవాళ్ల తప్పు ఇందులో కొంతే. చూడకుండా తెచ్చుకుని వాడే మన తప్పు ఎక్కువ.

స్కేలు మార్చుకుంటే సరిపోదా, మన ఊరికి తగిన ప్రశ్నలు పెట్టుకోవచ్చు గదా అని ఎవరైనా అడగొచ్చు. దానికి జవాబు లెక్కల్లో ఉంది. ఇక్కడి గనులు నడిపే సింగరేణి సంస్థలో ఇప్పుడు పర్మనెంట్ ఉద్యోగులు సుమారు నలభై వేలు. తెలంగాణలో 2022 ఆత్మహత్యల రేటు లక్షకు 26 దాకా ఉంది, జాతీయ సగటు 12.4కు రెట్టింపు పైన. ఆ రేటునే తీసుకుంటే నలభై వేల మందిలో ఏడాదికి పది మంది అనుకుందాం. ఇది సింగరేణిలో నిజంగా జరిగిన మరణాల సంఖ్య కాదు, లెక్క చూపడానికి తీసుకున్నది మాత్రమే. నూటికి ఎనభై పాళ్లు సరిగ్గా చెప్పే అద్భుతమైన పరీక్ష మన దగ్గర ఉందనుకుందాం. అది ఆ పది మందిలో ఎనిమిది మందిని పట్టుకుంటుంది, ఇద్దరిని వదిలేస్తుంది. మిగిలిన 39,990 మందిలో ఇరవై శాతాన్ని, అంటే ఎనిమిది వేల మందిని, ముప్పు ఉన్నవాళ్లని పొరపాటుగా చూపిస్తుంది. ముద్ర పడిన ప్రతి వెయ్యి మందిలో ఒక్కరే అసలు మనిషి. గని మీద ఇంత అబద్ధం చెప్పే గ్యాస్ డిటెక్టర్‌ను ఎవరైనా మెడలో వేసుకుని దిగుతారా?

నిజమైన పరీక్షలు ఆ ఎనభైకి కూడా దరిదాపుల్లో లేవు. యాభై ఏళ్ల పరిశోధనల్ని, 365 అధ్యయనాల్ని కలిపి చూసిన ఫ్రాంక్లిన్ బృందం 2017లో చెప్పిన మాట కటువైంది: ఆత్మహత్యను ముందుగా పసిగట్టడంలో మన శక్తి బొమ్మాబొరుసు కంటే కొద్దిగానే మేలు. బ్రిటన్ ఆరోగ్య ప్రమాణాల సంస్థ నైస్ 2022 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇంకా తెగేసి చెప్పింది. ఆత్మహత్యను ఊహించడానికి స్కేళ్లు వాడొద్దు. ఎవరికి చికిత్స ఇవ్వాలి, ఎవరిని ఇంటికి పంపాలి అన్నది స్కేలుతో తేల్చొద్దు. మనుషుల్ని తక్కువ ముప్పు, మధ్య ముప్పు, ఎక్కువ ముప్పు అని మూడు గంపల్లో వేయొద్దు. ఆ మనిషి అవసరం ఏమిటో, అతని క్షేమానికి ఏం చేయాలో చూడండి.

గనిలో సర్దార్‌కు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. మార్కులు సపోర్టు ఎలా వేయాలో చెప్పడానికి, వేయాలా వద్దా అని అడగడానికి కాదు. బండ ఎప్పుడు కూలుతుందో జోస్యం చెప్పమని అతణ్ని ఎవరూ అడగరు. నిన్నటికీ ఇవాళటికీ తేడా ఉందా, పగులు వెడల్పయిందా, దుంగ మీద బరువు పెరిగి చప్పుడు చేస్తోందా, అవి చూస్తాడు.

రెండో కాగితం దగ్గరికి వద్దాం. దాని పేరు సేఫ్టీ ప్లాన్. కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన బార్బరా స్టాన్లీ, పెన్సిల్వేనియాలోని గ్రెగరీ బ్రౌన్ కలిసి దీన్ని రూపొందించారు. 2012లో దీని పూర్తి వివరాలు ప్రచురించారు. ఇది ఎందుకు పుట్టిందో తెలిస్తే మనకు ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. 1970ల నుంచి అక్కడి వైద్యులు రోగి చేత 'నేను ప్రాణం తీసుకోను' అని హామీ పత్రం రాయించుకునేవాళ్లు. మన ఇళ్లలో దీన్నే ఒట్టు వేయించుకోవడం అంటాం. పెద్దమనుషులు కూర్చుంటారు, బిడ్డ తల మీద చెయ్యి పెట్టిస్తారు, "ఇంకోసారి ఆ మాట అనకురా, పిల్లల మీద ఒట్టు" అంటారు. అతను చెయ్యి పెడతాడు. అందరూ లేచి పోతారు. ఆ రాత్రి మళ్లీ గుండె బిగుసుకుంటే అతను ఏం చేయాలి, ఎవరి తలుపు కొట్టాలి అన్నది ఒట్టు చెప్పదు. పైగా ఒట్టు తప్పినవాణ్నన్న సిగ్గు తోడై నోరు మూసేస్తుంది. ఒట్టు వేయించుకున్నవాళ్లకు నిద్ర పడుతుంది, వేసినవాడికి పట్టదు. నాకు తెలిసినంతలో మన ప్రాంతంలో ప్రేమతో చేసే తప్పుల్లో ఇది పెద్దది.

సేఫ్టీ ప్లాన్ ఒట్టు అడగదు. ఆరు మెట్లు అడుగుతుంది, అవీ రోగి సొంత మాటల్లో. మొదటిది, ముంచుకొస్తోందని నీకెలా తెలుస్తుంది? తిండి మానేస్తానా, మొదటి షిఫ్ట్‌కు లేవాలనిపించదా, చిన్న మాటకు చెయ్యి లేస్తుందా? రెండోది, ఎవరూ లేకుండా నీకు నువ్వు ఏం చేసుకుంటే ఆ గడియ దాటుతుంది? స్నానమా, పాటలా, స్టేడియం చుట్టూ నడకా? మూడోది, మనసు మళ్లడానికి ఏ మనుషుల మధ్యకు, ఏ చోటికి పోతావు? చౌరస్తా టీ కొట్టు, గుడి, చర్చి, చెల్లె ఇల్లు, ఏదైనా సరే. అక్కడ బాధ చెప్పుకోనక్కర్లేదు, నలుగురిలో ఉంటే చాలు. నాలుగోది, నోరు తెరిచి సాయం అడగగలిగిన మనిషి ఎవరు, ఫోన్ నంబరేది? ఐదోది, ఏ డాక్టరు, ఏ హెల్ప్‌లైన్, ఏ ఆసుపత్రి? ఆరోది, ప్రాణానికి ముప్పు తెచ్చే వస్తువులు ఇంట్లో చేతికందకుండా ఎవరు దూరం పెడతారు? ఈ ఆరో మెట్టు అన్నిటికన్నా బలమైనది. చావాలన్న ఉద్ధృతి చాలామందిలో కొద్ది గంటల్లో, కొన్నిసార్లు నిమిషాల్లోనే తగ్గుముఖం పడుతుంది. ఆ కాసేపు ప్రమాదం చేతికందకపోతే ప్రాణం నిలుస్తుంది. నిలిచిన వాళ్లలో అత్యధికులు తర్వాత ఆత్మహత్యతో పోరు.

ఈ కాగితానికి రుజువు ఉంది. అమెరికాలో తొమ్మిది అత్యవసర విభాగాల్లో పదహారు వందల మందికి పైగా మాజీ సైనికుల మీద జరిపిన అధ్యయనం 2018లో వచ్చింది. ప్లాన్ రాసి, ఇంటికి పోయాక ఫోన్ చేసి పలకరించిన వాళ్లలో ఆరు నెలల్లో ఆత్మహత్యా ప్రవర్తన మామూలు వైద్యం పొందినవాళ్లకన్నా 45 శాతం తక్కువ. ఆ ఫలితంలో సగం బలం ఫోన్లదేనని నేననుకుంటాను. ఎందుకంటే ఇంతకు పదేళ్ల ముందే మనకు దగ్గరి ఊళ్లో అంతకన్నా పేద పరిస్థితుల్లో ఆ సంగతి తేలింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు చోట్ల ఒక ప్రయోగం చేసింది. బ్రెజిల్‌లో కాంపినాస్, శ్రీలంకలో కొలంబో, ఇరాన్‌లో కరజ్, చైనాలో యున్‌చెంగ్, మన చెన్నై. ఆత్మహత్యకు ప్రయత్నించి అత్యవసర విభాగానికి వచ్చిన 1,867 మందిలో కొందరికి మామూలు వైద్యం చేశారు. మిగతావాళ్లకు దానితోపాటు ఒక గంట కూర్చుని మాట్లాడారు. ఆ తర్వాత పద్దెనిమిది నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్ చేసో ఇంటికి వెళ్లో పలకరించారు. ఎలా ఉన్నారు, ఏం కావాలి, అంతే. 2008లో వచ్చిన ఫలితం ఇది: మామూలు వైద్యం పొందినవాళ్లలో 2.2 శాతం మంది ఆత్మహత్యతో పోయారు, పలకరింపు అందినవాళ్లలో 0.2 శాతం. ఆ గంట మాట, ఆ తొమ్మిది పలకరింపులు చేయడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. మనసు పెట్టే ఒక నర్సు, ఒక ఫోను, తేదీలు రాసుకున్న ఒక రిజిస్టరు చాలు. చెన్నైలో 1986లో లక్ష్మీ విజయకుమార్ స్థాపించిన స్నేహ, హైదరాబాద్‌లో 1997 నుంచి నడుస్తున్న రోష్ని, రెండూ శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకులతోనే ఇన్నేళ్లుగా ఫోన్ల దగ్గర కూర్చున్నాయి.

అయితే రెండో కాగితాన్ని కూడా కళ్లకద్దుకుని ఊరుకోవడం విమర్శ కాదు. అది ఒంటరి అమెరికన్‌ను మనసులో పెట్టుకుని రాసిన కాగితం. తనకంటూ ఒక గది, ఒక ఫోను, ఒక జేబు ఉన్న మనిషి కోసం రాసింది. రెండు గదుల క్వార్టర్లో, ఇంటిల్లిపాదీ చూసే ఫోనులో, ఆ ఇరవై నాలుగేళ్ల ఇల్లాలు దాన్ని ఎక్కడ దాచుకుంటుంది? నాలుగో మెట్టులో నమ్మకమైన ఇంటి మనిషి పేరు రాయమంటే ఆమె ఎవరి పేరు రాస్తుంది? అలాంటిచోట అడిగేవాళ్లు భర్తను, అత్తను బయటకు పంపి ఆమెతో విడిగా మాట్లాడాలి. ఇంట్లో హింస ఉందా అని నేరుగా అడగాలి. సఖి కేంద్రం గురించి, 181 మహిళా హెల్ప్‌లైన్ గురించి చెప్పి, ఆ నంబరు కాగితం మీద కాకుండా ఆమె మనసులో నిలిచేలా చూడాలి.

ఇంకో మౌనం మరీ పెద్దది. సేఫ్టీ ప్లాన్ బాధ వచ్చిన గడియను చూస్తుంది, బాధ ఎక్కడి నుంచి వచ్చిందో అడగదు. బొగ్గుబాయిల దగ్గర అది తరచు అప్పు. గిరిగిరి వడ్డీవాళ్ల దగ్గర ఏటీఎం కార్డు తాకట్టు పెట్టిన మనిషికి జీతం రోజు పండగ ఎలా అవుతుంది? మెడికల్ బోర్డు ఏం రాస్తుందో, నాగాలు పెరిగి హాజరు మస్టర్లు నిండకపోతే కొలువు ఉంటుందో ఊడుతుందో అన్న దిగులు, భూపాలపల్లికో మణుగూరుకో బదిలీ అయి రెండు కాపురాలు మోసే బరువు, ఇవన్నీ నడకతోనూ పాటలతోనూ తీరేవి కావు. దేశంలో 2022లో ఆత్మహత్యతో పోయినవాళ్లలో నాలుగో వంతుకు పైగా రోజుకూలీలు. ఓపెన్ కాస్టుల్లో, కోల్ హ్యాండ్లింగ్ ప్లాంట్లలో కాంట్రాక్టర్ కింద పనిచేసే మనిషికి పర్మనెంట్ కార్మికుడికున్న క్వార్టరు లేదు, అతను పనికి రాకపోతే ఆ సంగతి కంపెనీ మస్టరుకు తెలియదు. ప్లాన్‌కు ఏడో మెట్టు కావాలి: ఈ బాధలో ఏ భాగాన్ని మనం కలిసి మోయగలం? అప్పుంటే ఆ వడ్డీవాడితో ఎవరు మాట్లాడతారు? బదిలీ దరఖాస్తు ఎవరు రాసిపెడతారు? యూనియన్లు పుట్టిందే ఈ పనికి.

సింగరేణి దగ్గర ఒక సాధనం ఉంది, ఏ అమెరికా పత్రంలోనూ లేనిది. అది మస్టరు, అంటే హాజరు లెక్క. నెలకు ఇరవై నాలుగు మస్టర్లు చేసే మనిషి ఉన్నట్టుండి తొమ్మిదికి పడిపోతే ఆ మార్పు ఇంటి డాక్టరు కన్నా ముందు మస్టర్ క్లర్కుకు తెలుస్తుంది. సర్దార్ బండలో చూసే తేడా ఇదే. ఇప్పుడు ఆ సమాచారం ఎటు పోతోంది? గైర్హాజరు ఎక్కువైన కార్మికులను కుటుంబంతో సహా పిలిచి కౌన్సెలింగ్ చేసే ఆనవాయితీ ఏరియాల్లో ఉంది. దాని ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ భార్యాపిల్లల ముందు, అధికారుల ముందు, సంఘం నాయకుల ముందు నిలబెట్టి డ్యూటీకి రాకపోతే ఉద్యోగం పోతుందని చెబితే, దిగులు జబ్బుతో లేవలేకపోతున్న మనిషి ఆ గదిలో తన బాధ చెప్పుకుంటాడా? తల దించుకుంటాడు, సరే సార్ అంటాడు, బయటపడతాడు. అదే సమాచారాన్ని ముందు ఒక తోటి మనిషికి ఇవ్వొచ్చు. శిక్షణ పొందిన ఆ మనిషి సాయంత్రం క్వార్టరుకు పోయి, చాయ్ తాగుతూ, "ఏమైంది అన్నా, పాణం బాగుంటలేదా? సచ్చిపోవాలన్న ఆలోచన ఏమన్న అస్తున్నదా?" అని అడగొచ్చు. అవునంటే కంగారు పడకుండా, ఉపన్యాసం చెప్పకుండా, తన అప్పుల కథ ఎత్తుకోకుండా వినొచ్చు. ఆ రాత్రి అతణ్ని ఒంటరిగా వదలకుండా, తెల్లారి తోడుగా డాక్టరు దగ్గరికి తీసుకుపోవచ్చు. మస్టరు సంఖ్యను మళ్లీ ఇంకో మార్కుల పట్టికగా మార్చితే మాత్రం పని చెడుతుంది. అది పలకరించడానికి కారణం కావాలి, ముద్ర వేయడానికి కాదు.

ఇది గాలిలో మేడ కాదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 2008లో భవన నిర్మాణ కార్మికుల మధ్య మొదలైన 'మేట్స్' కార్యక్రమం తర్వాత గనులకూ విస్తరించింది. ప్రతి సైట్లో అందరికీ కొంత అవగాహన, కొందరికి సాయం దాకా తీసుకుపోయే శిక్షణ, ఇంకొందరికి లోతైన శిక్షణ. కార్మికుడు తన బాధను ముందు తోటి కార్మికుడికే చెబుతాడన్న అనుభవం మీద నిలబడింది. ఆ నిర్మాణం మన దగ్గర కొత్తగా కట్టనక్కర్లేదు. ప్రతి గనికీ పిట్ సేఫ్టీ కమిటీ ఉంది, వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లు ఉన్నారు. ఐదేళ్లకోసారి వృత్తి శిక్షణ కేంద్రంలో (వీటీసీ) రిఫ్రెషర్ ట్రైనింగ్ తప్పనిసరి. విరిగిన ఎముకకు కట్టు కట్టడం అక్కడ నేర్పుతున్నారు. విరిగిన మనసును ఆసుపత్రి దాకా ఎలా తీసుకుపోవాలో నేర్పడానికి అందులో ఒక్క పూట కేటాయించలేమా?

2003 జూన్ 16న గోదావరిఖని (జీడీకే) 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి పదిహేడు మంది పోయారు. అదే ఏడాది అక్టోబరు 16న 8ఏ ఇంక్లైన్‌లో బండ కూలి పది మంది పోయారు. గోదావరిఖని ఆ రెండు తేదీల్నీ మరవలేదు. విచారణలు జరిగాయి, నిబంధనలు బిగిశాయి. గనిలో ప్రాణం పోతే గనుల భద్రతా డైరెక్టరేట్ (డీజీఎంఎస్) వస్తుంది, కారణం వెతుకుతుంది, మళ్లీ జరగకుండా ఏం చేయాలో రాస్తుంది. అదే కార్మికుడు క్వార్టర్లో ఆత్మహత్యతో పోతే పోలీసు పంచనామాతో ఫైలు మూసుకుంటుంది, 'కుటుంబ కలహాలు' అనో 'జీవితంపై విరక్తి' అనో రెండు ముక్కలు పేపర్లో వస్తాయి. ఏ సపోర్టు ఎక్కడ లేకపోయిందని ఎవరూ అడగరు. పోయిన మనిషి పేరు బజారున పడకుండా, ఇంటివాళ్లను నిలదీయకుండా, నేర్చుకోవడానికి మాత్రమే ఏరియా స్థాయిలో ఒక సమీక్ష జరిపితే ఆ రెండు ముక్కల వెనకున్న అప్పు, జబ్బు, బదిలీ, తాగుడు, హింస బయటికొస్తాయి.

ఒక భయం గురించి చెప్పి తీరాలి, ఎందుకంటే అది ఇప్పటికీ మనుషుల్ని ఆసుపత్రి గుమ్మం దాకా రాకుండా ఆపుతోంది. కేసవుతుందన్న భయం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు. అతనికి సంరక్షణ, చికిత్స ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్ లేదు. ఆసుపత్రిలో మెడికో లీగల్ కేసుగా నమోదు చేసినంత మాత్రాన అతను ముద్దాయి కాడు. ఈ సంగతి తెలియక యాక్సిడెంట్ అని చెప్పే కుటుంబాలు ఉన్నాయి. అలా చెప్పినప్పుడు శరీరానికి వైద్యం అందుతుంది, మనసుకు అందదు. మూడో రోజు డిశ్చార్జ్ అవుతాడు, పలకరించే రిజిస్టరులో పేరు ఉండదు. ఒకసారి ప్రయత్నించి ఆసుపత్రి నుంచి ఇంటికి పోయిన తొలి వారాలే అన్నిటికన్నా ప్రమాదకరమైనవి.

గోదావరిఖని ఉన్న రామగుండంలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఏరియా ఆసుపత్రి ఎప్పటినుంచో ఉంది. ఈ రెండు చోట్లా క్యాజువాలిటీకి వచ్చిన ప్రతి ఒక్కరికీ, మార్కులు ఎన్నొచ్చినా సరే, గంట మాట, సొంత మాటల్లో రాసిన ప్లాన్, పద్దెనిమిది నెలల పలకరింపు అందాలి. పర్మనెంటా, కాంట్రాక్టా, కార్మికుడి భార్యా, పక్క ఊరి రైతా అన్న తేడా ఉండకూడదు. మార్కుల కాగితాన్ని చించెయ్యమని నేననను. అందులోని ప్రశ్నలు అడగండి, మొత్తం కూడటం మానండి.

ఇది చదువుతున్న మీలో ఎవరికైనా బతుకు బరువై, చావు ఆలోచన వస్తుంటే, ఇవాళే ఒక్కరికి చెప్పండి. టెలిమానస్ నంబరు 14416, పగలూ రాత్రీ, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. ప్రాణానికి ఇప్పటికిప్పుడు ముప్పు అనిపిస్తే 108కి ఫోన్ చేయండి. గని మేనేజర్లను, సంఘాల నాయకులను అడిగేది ఒకటే: బండ నియమాలు రాసి ఉన్న మస్టర్ గోడ మీదే, అదే సైజు అక్షరాలతో, 14416 నంబరు కూడా రాయించండి.